పురుగుల బుట్ట

మొన్న కార్తీకమాసంలో మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర నాకు కోపం వచ్చింది. ఇది రాసేనాటికి కూడా అది తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

మేముండేది పటమటలో. పక్కనున్న ఖాళీ స్థలానికి ఎవరో గుంపెన కొమ్మలు నరికి కంచెగా పాతారు. గుంపెన మొండిది, నరికి పాతినా చిగురిస్తుంది. కొన్నేళ్ళకు అవి చెట్లయ్యాయి. బెంజ్ సర్కిల్ వైపు నుంచి వచ్చే దుమ్మూ పొగా మోస్తూనే వానలకు పచ్చబడతాయి. ఆ చెట్ల మీంచే వచ్చి ఉంటుంది, ఒక రెక్కల పురుగు తెల్లారేసరికి మా మొదటి అంతస్తు గోడ మీద, మీటర్ల పెట్టె పక్కన వాలి ఉంది. అరచేతికి మించిన రెక్కలు, లేత చిలకపచ్చ రంగు, ముందు రెక్కల అంచున కుంకుమ గీత, ఒక్కో రెక్క మీద కన్ను లాంటి చుక్క, వెనక రెక్కలకు పొడుగాటి తోకలు. ఒళ్ళంతా తెల్లటి నూగు.

నేను పాల ప్యాకెట్ కోసం దిగేసరికి దాని ముందు దీపాలు, అరటిపండు, అగరొత్తులు ఉన్నాయి. కేబుల్ టీవీ వాళ్ళకు అప్పటికే కబురు వెళ్ళింది. మూడో అంతస్తులో ఉండే బ్యాంకు ఉద్యోగి, మంచి పిల్లే, నన్ను చూసి చెప్పులు విప్పమని సైగ చేసింది.

"మామ్మగారూ, దణ్ణం పెట్టుకోండి. అమ్మవారండీ. దీనికి నోరే ఉండదంట. రెక్కలొచ్చాక మంచినీళ్ళు కూడా ముట్టదంట. మా గురువుగారు ఫోన్లో చెప్పారు. ఎంత నిష్ఠో చూడండి."

"నోరు లేని మాట నిజమే," అన్నాను. "వారం తిరక్కుండా చచ్చిపోద్ది. అది కూడా చెప్పారా మీ గురువుగారు?"

"అలా అనకండి మామ్మగారూ. దీన్ని చూసి ఆడవాళ్ళు నేర్చుకోవాల్సింది చాలా ఉందన్నారు. నేనైతే ఈ నెలంతా రాత్రి భోజనం మానేద్దామనుకుంటున్నా."

"మానెయ్యమ్మా. నీ కడుపు నీది, నీ వంటగది నీది. ఇంకో మనిషిని మాత్రం దీని పక్కన నిలబెట్టి నేర్చుకోమనకు."

నా గొంతు పెద్దదై ఉంటుంది, అందరూ తిరిగి చూశారు. పాలు తీసుకోకుండానే పైకి వచ్చేశాను.

ఈ పురుగును చూసి నేర్చుకోమని ఒక మనిషికి చెప్పడం నేను చిన్నప్పుడు ఒకసారి విన్నాను. చెప్పింది మా నాయనమ్మ. విన్నది మా చిన్నత్త, అంటే మా నాన్న చెల్లెలు. నేను లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని. అప్పటి తేదీలన్నీ గుర్తున్నాయి. ఇక్కడ మాత్రం వెయ్యను. వేస్తే మా వాళ్ళు ఆ సోమవారం ఏ తిథో, ఆ ఏడు కాలవకు గండి పడిందో లేదో వాదించుకుని అసలు సంగతి పక్కన పెడతారు. మా వాళ్ళు నాకు తెలుసు.

మాది బెజవాడ నుంచి బందరు వెళ్ళే దారిలో, కాలవ గట్టున ఒక మగ్గాల వీధి. ముందు గదిలో గుంటమగ్గం, ఆ గుంటలో నాన్న కాళ్ళు. పొద్దున్నే వీధి పొడుగునా పడుగులు చాపి గంజి పెట్టేవారు. పులిసిన గంజి వాసన, తడి నూలు వాసన, కాలవ నాచు వాసన అన్నీ కలిసి ఉండేవి. మా ఇంటికి మరో వాసన కూడా ఉండేది, గుంపెన బంకది. పెరటి కంచె పొడుగునా గుంపెన చెట్లే. బెరడుకు గాటు పెడితే బంక కారేది. దాన్ని ఎండబెట్టి, నానబెట్టి, నాయనమ్మ గంజిలో కొంచెం కలిపేది. అలా కలిపితే దారం తెగదని ఆమె నమ్మకం. బంక ఏరే పని చిన్నత్తదీ నాదీ.

చిన్నత్తకు అప్పటికి పద్దెనిమిదేళ్ళు. పెళ్ళయిన ఏడాదికే భర్త జ్వరంతో పోతే పుట్టింటికి వచ్చింది. మా వీధిలో భర్తలు పోయిన వాళ్ళు ఇంకా ఉండేవారు. వాళ్ళు మామూలుగానే తినేవారు, పని చేసుకునేవారు, నవ్వేవారు. మా ఇంట్లో మాత్రం నాయనమ్మ వేరే పద్ధతి పెట్టింది. ఆమె చీరలు మూట కట్టుకుని పెద్ద ఇళ్ళకు తిరిగి అమ్మేది. ఆ ఇళ్ళ అరుగుల కింద నిలబడి మడి అంటే ఏమిటో, ఒంటిపూట భోజనం అంటే ఏమిటో చూసింది. ఆ ఇళ్ళల్లోనూ అందరూ అలా లేరు, కానీ ఆమెకు నచ్చింది అదే. మన ఇల్లు కూడా అలాంటి ఇల్లేనని పదిమందీ అనుకోవాలని ఆమె ఆశ. ఆ గొప్ప తన ఒంటి మీదకు తెచ్చుకోలేదు. కూతురి పొట్ట మీద పెట్టింది.

మధ్యాహ్నం ఒక్క పూట అన్నం. అందులో ఉల్లి, వెల్లుల్లి ఉండకూడదు. రాత్రికి ఒక అరటిపండో, గుప్పెడు అటుకులో. పొద్దస్తమానం రాట్నం ముందు కూర్చుని నాన్న మగ్గానికి నూలు కండెలు చుట్టాలి.

చిన్నత్త మంచి తిండి మనిషి. పెళ్ళికి ముందు వేడన్నంలో గోంగూర కలుపుకుని, పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ, మాట్లాడకుండా తినేది. మూడోసారి అన్నం అడగడానికి సిగ్గుపడేది కాదు. రాట్నం తిప్పుతూ తిప్పుతూ ముక్కు పైకెత్తి, "బూబమ్మ ఇంట్లో ఇవాళ సేమ్యా. నెయ్యి కాస్త మాడింది," అని చెప్పేది. బూబమ్మ అంటే మా పక్కింటామె. వాళ్ళాయన మా వీధి చీరలు బెజవాడ తీసుకెళ్ళి వ్యాపారం చేసేవాడు. నేను కంచె దగ్గరకు పరిగెత్తి చూస్తే సేమ్యానే అయ్యేది. పెళ్ళి కాకముందు ఇది ఇంట్లో అందరికీ వేళాకోళం. భర్త పోయి తిరిగొచ్చాక ఎవరూ నవ్వేవారు కాదు.

ఆ ఏడు వినాయక చవితి ముసురులో బంక ఏరుతుంటే గుంపెన ఆకు వెనక ఎర్రటి సన్నటి పురుగులు కనిపించాయి. చిన్నత్త వాటిని ఆకులతో సహా తుంచి పాత కండెల బుట్టలో వేసింది. ఎందుకని అడిగితే, "చూద్దాం, ఏమవుతయ్యో," అంది. అంతే, అంతకన్నా కారణం లేదు.

అవి గుంపెనాకు తప్ప ఇంకేదీ ముట్టలేదు. ఒకసారి చింతాకు వేస్తే మూతి తిప్పుకున్నాయి. ఒళ్ళు పెరిగి తోలు చాలనప్పుడు విడిచేసేవి. విడిచే ముందు రోజంతా తల పైకెత్తి కదలకుండా ఉండేవి. విడిచాక ఆ తోలునే తినేసేవి. రెండోసారి విడిచేసరికి ఎరుపు పోయి ఆకుపచ్చగా తేలాయి. చివరికి నా చూపుడువేలిని మించాయి. వీపు మీద పసుపుపచ్చ బొడిపెలు, వాటి మీద గరుకు వెంట్రుకలు. బుట్టకు చెవి ఆనిస్తే తాటాకు కప్పు మీద చినుకులు పడుతున్న చప్పుడు వినపడేది. అది అవి తింటున్న చప్పుడు. బుట్ట అడుగున మిరియాల్లాంటి పెంటికలు. చిదిమిన మామిడాకు వాసన.

నాయనమ్మకు పురుగులంటే ఒళ్ళు జలదరింపు. "ఆ బుట్ట గడప దాటి లోపలికొచ్చిందంటే కాలవలో పారేస్తా," అంది. దాంతో బుట్ట పెరటి వసారాలో ఉండిపోయింది. నాయనమ్మ ఆ మూలకు కూడా వెళ్ళేది కాదు. ఇందులో ఉన్న సౌకర్యం మొదట గ్రహించింది నేను కాదు, మా అమ్మ.

ఒక సాయంత్రం ఆకులు వేద్దామని బుట్టలో చెయ్యి పెడితే అడుగున ఏదో వెచ్చగా తగిలింది. గుడ్డలో చుట్టిన చిలగడదుంపలు, ఉడికించినవి. అమ్మ వైపు చూశాను. పొయ్యి ముందు నుంచి తల తిప్పకుండా, "పురుగులకు ఆకులేశావా? మీ అత్తను కూడా పిలు. అది వేస్తే బాగా తింటయ్యి," అంది.

ఆ రోజు నుంచి పురుగులకు మేత వెయ్యడం మా ఇంట్లో పెద్ద పనయింది. వేయించిన వేరుశెనగ కాయలు, నువ్వులుండ, దిబ్బరొట్టె ముక్క, ఏదో ఒకటి ఆకుల కింద ఉండేది. ఒకసారి బూబమ్మ కంచె మీంచి సేమ్యా గిన్నె అందించింది. నాయనమ్మకు తెలిస్తే మా ముగ్గురినీ, ఆ గిన్నెనీ కలిపి కాలవలో ముంచేది. నేను గడప దగ్గర కూర్చుని కాపలా. చిన్నత్త మోకాళ్ళ మీద వంగి, బుట్టలోకి తల పెట్టి తినేది. పురుగులు ఆకు కొరుకుతుంటే ఈమె రొట్టె కొరికేది.

"ఇవి ఎంతెంత తింటయ్యో చూడవే," అనేది నోటినిండా పెట్టుకుని. "వీటితో చాలని ఎవరూ అనరు."

కొన్ని వారాలకు ఆమె బుగ్గలు నిండాయి. అది నాయనమ్మ కంట పడకుండా ఎలా ఉంటుంది? వీధి అరుగు మీద కూర్చుని ఆడవాళ్ళకు చూపించింది. "చూశారా, ఒంటిపూట పద్ధతిగా ఉంటే మొహంలో కళ ఎట్టా వచ్చిందో. నేను ముందే చెప్పలా?" అమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. వెళ్ళి బుట్ట పక్కన కూర్చుని నవ్వింది. అమ్మ అంతలా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

దసరా వచ్చేసరికి పురుగులు తినడం మానేశాయి. ఆకులను దగ్గరకు లాక్కుని, నోట్లోంచి దారం తీస్తూ తమ చుట్టూ గూళ్ళు అల్లుకున్నాయి. దారం చూడగానే నాన్నకు ఆసక్తి పుట్టింది. "ఇవి పట్టుపురుగులే," అన్నాడు. ఒక గూడు అడిగి తీసుకుని, బూడిద నీళ్ళలో ఉడికించి, కొస పట్టుకుని లాగాడు. రాలేదు. తడి కాయితం చిరిగినట్టు ముక్కలుగా ఊడింది.

"పనికొచ్చే పట్టు కాదులే," అని చేతులు కడుక్కున్నాడు.

"నీకు పనికిరాకపోతే ఏం అన్నయ్యా, దానికి పనికొస్తదిగా," అంది చిన్నత్త. మిగతా గూళ్ళు ఇంకెవరికీ ఇవ్వలేదు. ఆకులతో సహా వసారా దూలానికి వేలాడగట్టింది.

గూళ్ళకు మేత అక్కర్లేదు. "పురుగులు పోయినయ్యిగా, ఆ బుట్ట కడిగి కండెలకు పెట్టండి," అంది నాయనమ్మ. బుట్ట కడిగేశారు. దాంతో చిన్నత్త రాత్రి తిండి మళ్ళీ అరటిపండు దగ్గరకు వచ్చింది. అమ్మ ఇంకో చోటు వెతికింది కానీ మాది మూడు గదుల ఇల్లు. పురుగులున్న చోటు ఒక్కటే నాయనమ్మ చూపు పడని చోటు.

కార్తీకం మొదలైంది. ఒక సోమవారం పొద్దున నాయనమ్మ కాలవ స్నానానికి వెళ్ళినప్పుడు దూలం మీద ఒక గూట్లోంచి గీకుతున్న చప్పుడు వచ్చింది. గూడు కొస తడిసి, మెత్తబడి, చిరిగింది. లోపలి నుంచి తెల్లటి నూగు తల, ఎర్రటి కాళ్ళు, తర్వాత నీళ్ళు పిండి మడతపెట్టిన గుడ్డపేలికల్లాంటి రెక్కలు బయటికి వచ్చాయి. అది స్తంభం పట్టుకుని వేలాడింది. మేం చూస్తుండగానే రెక్కలు కిందికి జారుతూ జారుతూ విచ్చుకున్నాయి. తోకలు చివర మెలిక తిరిగి ఉన్నాయి. దీనికి తెలుగు పేరు నేను వినలేదు. పుస్తకాల్లో చంద్రుడి పేరు కలిపి పిలుస్తారని తర్వాత కాలేజీలో చదివాను. చిన్నత్త దాన్ని తోకల పట్టుపురుగు అంది. నాకు ఆ పేరే సరైనదనిపిస్తుంది.

నాయనమ్మ తడిబట్టలతో తులసికోట దగ్గరకు వచ్చి, ఎదురుగా స్తంభం మీద దాన్ని చూసి నిలబడిపోయింది.

"ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని తల్లే వచ్చింది," అంది.

"మన బుట్టలో పురుగే నాయనమ్మా. ఇదుగో గూడు," అన్నాను.

"నోర్మూసుకో. ఆ పురుగెక్కడ, ఈ తల్లెక్కడ."

పాలు తెచ్చింది, ముట్టలేదు. వత్తిని తేనెలో ముంచి మూతికి అందించింది, కదల్లేదు. దగ్గరగా వంగి చూసింది. అక్కడ మూతే లేదు. ఆ సంగతి ఆమె అంతటామె కనిపెట్టి వీధంతా చాటింది. సాయంత్రానికి మా పెరడు ఆడవాళ్ళతో నిండిపోయింది. పసుపు, కుంకుమ, ఉసిరికాయల మీద దీపాలు. నాయనమ్మ చిన్నత్తను రాట్నం దగ్గర నుంచి లేపి తెచ్చి దాని ముందు నిలబెట్టింది.

"చూడవే. అన్నం అడగదు, నీళ్ళడగదు. నోరే వద్దనుకుని పుట్టింది. నీకు పూటకి ఇంత అన్నం, రాత్రికి పండు పెడుతుంటే మొహం వేలాడేసుకుంటున్నావు. నేర్చుకో. ఈ నెలంతా రాత్రికి పండు కూడా వద్దు."

కంచె అవతల నుంచి బూబమ్మ అంది.

"నోరు లేనిదాన్ని నోరున్న పిల్లతో జత కడతావేంటి పెద్దమ్మా? మేం కూడా రోజా ఉంటాం. పొద్దు గూకగానే ముందు తినేదీ మేమే. పొద్దు గూకని ఉపవాసం ఎక్కడుంది?"

"మీ పద్ధతులు మీయి, మా పద్ధతులు మాయి," అంది నాయనమ్మ.

"పద్ధతి నీది, ఆకలి ఆ పిల్లది," అంది బూబమ్మ.

మర్నాడు పొద్దున దర్శనానికి పక్క వీధి వాళ్ళు కూడా వచ్చారు. నాయనమ్మ పసుపు పళ్ళెం పట్టుకుని ముందు నడిచింది. స్తంభం మీద ఒకటి కాదు, రెండున్నాయి. రెండోది కొంచెం చిన్నది, ఈకల్లాంటి మీసాలది, మగది. తోక చివరలు ఒకదాన్నొకటి అంటించుకుని, ఎంతమంది చూస్తున్నా విడవకుండా ఉన్నాయి. ఈ పురుగులకు రెక్కలొచ్చేది ఇందుకే. ఆడది గాలిలోకి వదిలే వాసన పట్టుకుని మగది ఎంతో దూరం నుంచి వెతుక్కుంటూ వస్తుంది. ఇది కూడా నేను తర్వాత చదివిందే. ఆ పొద్దున అక్కడున్న ఆడవాళ్ళకు ఏ పుస్తకమూ అవసరం లేకపోయింది. ఒకావిడ కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంకొకావిడ పిల్లల కళ్ళు మూసింది.

వెనక నుంచి చిన్నత్త నవ్వు వినపడింది. మొదట చిన్నగా, తర్వాత ఆపుకోలేక.

"అమ్మా, దీక్షలో ఉందన్నావుగా," అంది. "దీన్ని చూసి నన్నేం నేర్చుకోమంటావు?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకొకరు అందుకున్నారు. నాయనమ్మ పళ్ళెం కింద పెట్టి చీపురు తెచ్చి మగదాన్ని కొట్టింది. అది ఒక తోక పోగొట్టుకుని కంచె మీంచి ఎగిరిపోయింది. ఆడది దండెం ఎక్కింది. మర్నాటికి నాయనమ్మ మడిచీర మీద ముతక ఇసుకంత గుడ్లు వరసగా అంటించి పెట్టింది. గీకినా ఊడలేదు. ఆ చీర మడికి పనికిరాకుండా పోయింది. ఇంకెప్పుడూ దాన్ని తల్లీ అనలేదు నాయనమ్మ. కానీ రాత్రి పండు వద్దన్న మాట వెనక్కి తీసుకోలేదు. పురుగు ఎలాంటిదని తేలినా శిక్ష మాత్రం చిన్నత్తకు మిగిలింది.

వారం గడవక ముందే పురుగు చచ్చిపోయింది. రెక్కలు చిరిగి గాజుపొరల్లా అయ్యాయి. లావుగా ఉన్న పొట్ట ఎండి అంటుకుపోయింది. చిన్నత్త దాన్ని అరచేతిలో వేసుకుంది. ఆ వారంలో రాట్నం ముందు ఆమె రెండుసార్లు కళ్ళు తిరిగి పక్కకు ఒరిగింది. నేను చూశాను. నాన్నా చూశాడు.

"బరువే లేదు చూడవే," అంది నాతో. "ఇది పురుగుగా ఉన్నప్పుడు తిన్నదంతా ఒంట్లో దాచుకుని వచ్చింది. అందుకే అడగలా. నా దగ్గర దాచుకున్నదేం లేదు."

ఆ సాయంత్రం దీపాలు పెట్టాక ఆమె వంటగది ముందుకు వచ్చింది. నాయనమ్మ గుమ్మం పక్కన కూర్చుని వత్తులు చేస్తోంది.

"అమ్మా, నాకు ఆకలేస్తోంది. ఇవాళ్టి నుంచి రాత్రి కూడా అన్నం తింటా."

"ఏ నోటితో అంటన్నావే ఆ మాట?"

"ఉన్న నోటితోనే. వదినా, నాకు కంచం పెట్టు."

అమ్మ కంచం తీసింది. నాయనమ్మ జరిగి గడపకు అడ్డంగా కూర్చుంది. "వడ్డించావంటే కోడలా, తెల్లారేసరికి నీ మూట వీధిలో ఉంటది," అంది. అమ్మ గరిటె పట్టుకుని నాన్న వైపు చూసింది. చిన్నత్త కూడా చూసింది. నాన్న ఒక్క మాట అంటే చాలు. ఆ ఇంట్లో అన్నం ఆయన నేతతో వచ్చేదే, పెట్టమని చెప్పే హక్కు ఆయనకుంది.

నాన్న లేచి ముందు గదిలోకి వెళ్ళి మగ్గం గుంటలోకి దిగాడు. క్షణంలో నేత చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు చాలామందికి కమ్మగా ఉంటుందట. నాకు వినపడితే ఇప్పటికీ పళ్ళు బిగుసుకుంటాయి.

అమ్మ గరిటె కింద పెట్టింది. అమ్మను నేను తప్పు పట్టను. ఆమెకు వెళ్ళడానికి పుట్టిల్లు లేదు. నాన్నను పడతాను. మంచివాడు, ఎవరినీ ఒక మాట అనేవాడు కాదని అందరూ ఆయన్ను పొగుడుతారు. అనాల్సిన ఒక్క మాట ఆయన అనలేదు.

చిన్నత్త నాయనమ్మను దాటి లోపలికి వెళ్ళింది. మనిషిని దాటకూడదని మాకు చిన్నప్పటి నుంచి చెప్పిందే నాయనమ్మ. గిన్నెలో మిగిలిన చల్లటి అన్నం, ఉప్పు, ఒక పచ్చిమిరపకాయ. పొయ్యి పక్కన కూర్చుని తింది. వెక్కిళ్ళొస్తే నీళ్ళు తాగి మళ్ళీ తింది. అడుగంటిన మెతుకులు కూడా వేలితో తీసుకుంది.

తెల్లారి నుంచి నాయనమ్మ తిండి మానేసి వసారాలో చాప మీద పడుకుంది. ఆ మధ్యాహ్నానికే వీధంతా కదిలి వచ్చింది. అరుగుల మీద ఆడవాళ్ళు, మగ్గాలు ఆపేసి మగవాళ్ళు.

"కన్నతల్లిని చంపుకుంటావా?"

"ముసలి ప్రాణం. ఎన్ని పూటలు తట్టుకుంటది?"

"ఓ ముద్ద కోసం ఇంత రచ్చ చేస్తారా ఎవరన్నా?"

"ఆ ముద్ద పెడితే రచ్చెందుకు?" అంది బూబమ్మ. ఆమె మాట ఎవరూ విననట్టు ఊరుకున్నారు.

నాకు ఇది సరిగ్గా చెప్పాలనుంది. మా నాయనమ్మ తినకుండా ఉన్నది రెండు రోజులు. ఆమెను బతిమాలడానికి వీధిలో ప్రతి ఇంటి నుంచి ఒక మనిషి వచ్చారు. చిన్నత్త చాలీచాలని తిండితో ఉన్నది అప్పటికే రెండేళ్ళు. బూబమ్మ తప్ప ఒక్కరు రాలేదు. ముసలామెకు ఆకలేస్తే అందరికీ జాలి. పద్దెనిమిదేళ్ళ పిల్లకు ఆకలేస్తే అది బరితెగింపు. లెక్కల్లో ఇలాంటి తప్పు చేసిన పిల్లలను నేను క్లాసులో నిలబెట్టేదాన్ని. ఆ వీధిని ఎవరూ నిలబెట్టలేదు.

మూడో రోజు పొద్దున చిన్నత్త గ్లాసుతో మజ్జిగ తెచ్చి నాయనమ్మ పక్కన కూర్చుంది. "తాగమ్మా. నేను తిననులే," అంది. నాయనమ్మ లేచి కూర్చుని తాగింది. ఇంకో గ్లాసు అడిగి తాగింది. వచ్చిన వాళ్ళు కళ్ళొత్తుకుని, తల్లీకూతుళ్ళు ఒకటయ్యారని సంతోషంగా ఇళ్ళకు వెళ్ళారు.

ఆ నెలలోనే నాయనమ్మ పెరటి గుంపెనలన్నీ మొదలంటా కొట్టించి, మళ్ళీ చిగురించకుండా మొద్దులు కాల్పించింది. పురుగులొస్తున్నాయని చెప్పింది. మళ్ళీ ముసురు పట్టినప్పుడు చిన్నత్త కంచె వెంట తిరిగి మొద్దుల దగ్గర వంగి వంగి చూసేది. ఒక్క ఆకూ లేదు. ఆమె వెతికింది పురుగుల కోసమేనని ఇంట్లో వాళ్ళు అనుకున్నారు.

తర్వాత కొన్నేళ్ళు కండెలు చుట్టింది. చివరికి రాట్నం తిప్పలేకపోతే నాన్న బెజవాడ తీసుకెళ్ళి డాక్టరుకు చూపించాడు. ఒంట్లో రక్తం లేదు, రెండు పూటలా బాగా తిండి పెట్టండని ఆయన చెప్పాడు. ఆయనకు మన ఆచారం ఏం తెలుసంది నాయనమ్మ. నాన్న టానిక్ సీసా కొనుక్కొచ్చాడు. టానిక్ మందు కాబట్టి రాత్రి పూట తాగినా దోషం లేదని తేల్చారు. అన్నం మాత్రం మందు కాదు.

నేను హైస్కూలు పూర్తి చేసేలోగా చిన్నత్త పోయింది. జ్వరంతో పోయిందన్నారు. ఇప్పటికీ మా బంధువుల్లో ఆమె మాట వస్తే, "పుణ్యాత్మురాలు, ఏనాడూ ఏదీ అడగలేదు," అంటారు. అడిగింది. వంటగది గుమ్మంలో నిలబడి, పేరు పెట్టి పిలిచినంత స్పష్టంగా అడిగింది. నేను అక్కడే ఉన్నాను. ఈ మాట నేను వాళ్ళ ముందు అంటే, పోయిన వాళ్ళ సంగతులు ఇప్పుడెందుకంటారు. పొగడటానికైతే పనికొస్తాయి.

పదో రోజున కాలవ గట్టు మీద పిండం పెట్టారు. నాయనమ్మ దగ్గరుండి వడ్డింపించింది. ఆ రోజు ఉల్లి ఉందా లేదా అని ఎవరూ చూడలేదు. "కడుపునిండా పెట్టండి. నా తల్లికి దేనికీ లోటు చెయ్యకండి," అని ఏడుస్తూ చెప్పింది. ఆ ఏడుపు నిజమైందే. అది నిజమైనందుకు నాకు ఇంకా కోపం. విస్తరి అంచులు దాటి పొంగుతుంటే అందరూ దూరంగా జరిగి కాకి కోసం చూశారు.

కాకి వెంటనే వచ్చింది. దాని వెనకే ఇంకో రెండు వచ్చాయి.

"చూశారా," అంది నాయనమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "ఏ కోరికా మిగలకుండా పోయింది నా బిడ్డ." అందరూ తలలూపారు. నాన్న కూడా ఊపాడు.

ఆ గట్టు మీద రోజూ తిరిగే కాకులే అవి. వాటికి ఆకలేసింది, వచ్చి తిన్నాయి. ఎవరూ వద్దనలేదు.